తీగల్లేని ఇంజన్లు

మా పెద్ద మేనమామకు రైలింజన్లంటే ప్రాణం. ఆయన ఉండే కోరుట్లకేమో అప్పట్లో రైలే లేదు. రైలు ముఖం చూడాలంటే పెద్దపల్లికో కామారెడ్డికో బస్సులో పోవాలి.

మామ పుట్టింది సిరిసిల్లలో, నేత కుటుంబంలో. పద్దెనిమిదేళ్లప్పుడు పని వెతుక్కుంటూ ఊరివాళ్ల వెంట బొంబాయి వెళ్లాడు. వెంట వెళ్లినవాళ్లంతా బట్టల మిల్లుల్లో చేరితే, ఈయన ఎవరిని పట్టుకున్నాడో ఏమో, రైలింజన్ల షెడ్డులో ఫిట్టరుగా కుదిరాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆ పనే చేశాడు. బొగ్గు పొగకు ఊపిరితిత్తులు చెడ్డాక పని మానేసి, అత్తమ్మ పుట్టిల్లయిన కోరుట్లకు వచ్చి, రేడియోలూ నీళ్ల మోటార్లూ బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. వచ్చేటప్పుడు బొంబాయి నుంచి ఒక ఇనుప ట్రంకు తెచ్చాడు. అందులో తొమ్మిది బొమ్మ రైలింజన్లు, వాటి పట్టాలు ఉండేవి.

అవి ఇంగ్లండు నుంచి వచ్చిన బొమ్మలు. ఎవరి ఇళ్లలోనో పిల్లలు ఆడి, విరగ్గొట్టి, విసిగి పారేస్తే పాత సామాన్ల బజారుకు చేరినవి. మామ సెలవు దొరికినప్పుడల్లా ఆ బజారులో తిరిగి ఒక్కొక్కటే ఏరి తెచ్చుకున్నాడు. ఏ ఒక్కదాన్నీ కొన్నప్పటి రూపంలో ఉంచలేదు. పాత చిమ్నీ కోసేసి కొత్తది అతికాడు. దారికి అడ్డమొచ్చిన పశువులను పక్కకు నెట్టే జాలీ మన ఇంజన్లకు ముందు ఉంటుంది కదా, దాన్ని డబ్బా రేకుతో చేసి బిగించాడు. దీపానికి టార్చిలైటు బల్బు. మా నాన్న సిరిసిల్లలో మగ్గాలు నడిపేవాడు. ఆయన దగ్గర్నుంచి మగ్గం మీద దారంతో అటూ ఇటూ పరుగెత్తే నాడెలు విరిగితే వాటిని అడిగి తెప్పించుకుని, వాటి కొసనుండే ఇనుప మొనలను కోసి బాయిలరు ముందుభాగానికి వాడాడు. ఒక్కో ఇంజను మీద ఒక్కో నంబరు తెల్లరంగుతో రాసి ఉండేది. అవన్నీ షెడ్డులో ఆయన స్వయంగా చెయ్యిపెట్టి బాగుచేసిన ఇంజన్ల నంబర్లు.

నాకు కోరుట్ల దగ్గర బడిలో టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు ఇరవై మూడేళ్లు. పెళ్లికాలేదు. ఒంటరిగా గది తీసుకుంటానంటే మా అమ్మ ఒప్పుకోలేదు. అట్లా నాలుగేళ్లు మామ ఇంట్లో ఉన్నాను. ఎనభైల చివరి మాట ఇది.

మామకూ అత్తమ్మకూ పిల్లలు లేరు. ఆదివారం పొద్దున దుకాణం తెరవకుండా మామ ముందర గదిలో చెక్కలు పరిచి, వాటి మీద పట్టాలు బిగించేవాడు. ఇంటి కరెంటును తగ్గించి పట్టాలకు ఇచ్చే పెట్టె కూడా ఆయనే చుట్టుకున్నాడు. దాని మీది పిడి తిప్పితే ఇంజను కదిలేది. దానికి రెండు డబ్బాలు తగిలిస్తే గదంతా గుండ్రంగా తిరిగేది.

"ఊడ్వనీకి జాగ లేదు, అన్నం పెట్టనీకి జాగ లేదు," అని అత్తమ్మ గొణిగేది. గొణుగుతూనే పట్టాలు దాటి వెళ్లేటప్పుడు చీర కుచ్చిళ్లు పైకి ఎత్తి పట్టుకునేది, రైలుకు తగలకుండా.

ఆదివారాలు ఇంకొకాయన వచ్చేవాడు. బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే ముస్లిం పెద్దమనిషి. నేను చాచా అని పిలిచేదాన్ని. మామ ఇంజన్లలో పళ్లచక్రాలు అరిగిపోతే పాత గడియారాల్లోంచి తీసి, ఆకురాయితో సన్నగా అరగదీసి అమర్చేది ఆయనే. ఇద్దరూ నేల మీద పక్కపక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లు.

"జర ఆయిస్తా మాస్టర్, మూల కాడ పడుతది," అనేవాడు చాచా.

"గిదేమన్న నీ గోడగడియారమా భాయ్? ఇంజన్, ఉరుకుతది," అనేవాడు మామ.

నా జీవితంలో నేను చూసిన గట్టి స్నేహాల్లో అదొకటి. వాళ్లు ఇంజన్ల గురించి తప్ప వేరే మాట్లాడుకోగా నేను విన్నది తక్కువ.

బయట రోజులు బాగా లేవు. సాయంత్రమైతే బస్సులు తగ్గిపోయేవి. గోడల మీద ఎర్రరాతలు ఒకనాడు కనబడితే మరునాటికి సున్నం పూసి ఉండేది. బడిలో హాజరు పిలుస్తుంటే పెద్ద తరగతి పిల్లల్లో ఒకరిద్దరు పలికేవాళ్లు కాదు. ఎందుకని అడిగితే మిగతావాళ్లు తలలు దించుకునేవాళ్లు. రాత్రి అన్నలకు అన్నం పెట్టిన ఇంటికి పొద్దున పోలీసులు వచ్చేవాళ్లు. పోలీసులతో మాట్లాడిన మనిషి ఇంటికి అన్నలు వచ్చేవాళ్లు. ఎవరితో ఎంత మాట్లాడాలో అందరం నేర్చుకున్నాం.

ఆ వేసవిలో దూరంగా ఒక కల్వర్టు కింద మందుపాతర పేలి జీపులోని పోలీసులు చనిపోయారు. ఆ వారమంతా తీగలతో, బ్యాటరీ సెల్లులతో పనిచేసే వాళ్ల వెంట పడ్డారు. రేడియో మెకానిక్కులు, మైకు సెట్లవాళ్లు, కరెంటు పని చేసేవాళ్లు. బయటి నుంచి వచ్చిన ఒక పోలీసు పార్టీ ఊరికి ఆవల పాత గోదాములో దిగింది. మా ఇంటికి వచ్చింది వాళ్లే.

నేను బడికి పోవడానికి జడ వేసుకుంటున్నాను. నలుగురు లోపలికి వచ్చి నేరుగా అలమార్లు తెరిచారు. ట్రంకు మూత తీయగానే పైన ఉన్నది తీగల చుట్టలు, మీటర్లు. వాటి కింద ఇంజన్లు. వాళ్ల అధికారి మా జిల్లావాడు కాదు. ఒక ఇంజను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంటయ్యా ఇవి?"

"రైలింజన్లు సార్."

"ఎవరివి?"

"నాయే సార్."

"పిల్లలెంతమంది నీకు?"

"లేరు సార్," అన్నాడు మామ.

"పిల్లల్లేనోడికి బొమ్మలెందుకు?"

అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ మాటకు ఆమె కళ్లు నేలకు దిగడం చూశాను. మామను, ట్రంకును వ్యానులో ఎక్కించుకుని పోయారు.

రెండు రోజులు నేనూ అత్తమ్మా ఆ గోదాము గేటు ముందు ఎండలో కూర్చున్నాం. లోపలికి పోనివ్వలేదు. తీసుకువచ్చిన అన్నం గిన్నెను మాత్రం తీసుకున్నారు. రెండో రోజు మధ్యాహ్నం, బుగ్గారం వైపు కుర్ర కానిస్టేబులు ఒకతను నీళ్ల కోసం బయటికి వచ్చి మా దగ్గర ఆగాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. రైలు నడిపిచ్చి సూపెడుతుండు. మా సార్లందరు నిలవడి సూస్తుండ్రు," అన్నాడు. ఆ మాట చెప్తుంటే అతని మొహంలో చిన్నగా నవ్వు కూడా వచ్చింది. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె రెండు రోజుల్లో ఏడవడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం మామ రిక్షాలో ఇంటికి వచ్చాడు. కరెంటు పెట్టె, తీగలు, మీటర్లు వాళ్లే ఉంచుకున్నారు. ట్రంకులో ఎనిమిది ఇంజన్లే ఉన్నాయి.

"ఇంకోటేది మామా?" అని అడిగాను.

"ఆడనే ఉండిపోయింది. ఉంచుకున్నరు," అన్నాడు.

ఆయన ఎడమ చెంప వాచి ఉంది. అత్తమ్మ దగ్గరికి పోయి చెయ్యి వేయబోతే మొహం తిప్పుకుని, "పన్ను నొస్తుంది," అన్నాడు. ఆ తర్వాత దాని గురించి ఎవరు అడిగినా అదే మాట.

పది పన్నెండు రోజులు గడిచాయి. ఒక సాయంత్రం పొద్దుగూకే వేళ ఇద్దరు వచ్చారు, ఒక మగమనిషి, ఒక అమ్మాయి. భుజానికి సంచులు. అమ్మాయి వయసు నా వయసే ఉంటుంది. మంచినీళ్లు అడిగింది, ఇచ్చాను. ఆయన మామ ఎదురుగా కూర్చున్నాడు.

"రెండు దినాలు ఆడ ఉన్నవట. ఏం అడిగిండ్రు?"

"నా బొమ్మలు అడిగిండ్రు."

"మమ్ములను అడగలేదా?"

"అడిగిండ్రు. నాకెర్క లేదన్న. నిజంగనే ఎర్క లేదు గదా బిడ్డా."

ఆయన ముందుకు వంగాడు. తర్వాత గొంతు తగ్గించి, "సన్న తీగల పని మంచిగ అస్తదట నీకు. గసొంటోళ్లు మాకు కావాలె," అన్నాడు.

మామ కుడిచెయ్యి ముందుకు చాపాడు. వేళ్లు వణుకుతున్నాయి. గోదాము నుంచి వచ్చినప్పటి నుంచీ అట్లాగే ఉన్నాయి. "సూడు. ఇగ నా తోని ఏ పని కాదు," అన్నాడు.

వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అమ్మాయి గ్లాసు నా చేతికి తిరిగిచ్చి, "అస్తం అక్కా," అంది. ఇద్దరూ వెనక వాకిలి నుంచి వెళ్లిపోయారు.

ఆ రోజు అత్తమ్మ అన్నం వండలేదు. మామ ముందు నిలబడి, "నా ఇంట్ల ఇగ ఒక్క తీగ ముక్క ఉండొద్దు. గా ట్రంకును బాయిల పడేస్తవా, నన్ను పడేస్తవా, నువ్వే సోచాయించు," అంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. మామ తల ఊపాడు.

దుకాణంలో రేడియోల పని మానేశాడు. తాళాలు, స్టవ్వులు, గొడుగులు బాగుచేయడం మొదలుపెట్టాడు. ఇంజన్లను మాత్రం బావిలో పడేయలేకపోయాడు. ఒక్కొక్కటే గుడ్డలో చుట్టుకుని చాచా దుకాణానికి తీసుకుపోయేవాడు. అక్కడ ఇద్దరూ కలిసి ఇంజను కడుపులోంచి మోటారు తీసేసి, ఆ చోట గడియారం స్ప్రింగు బిగించేవాళ్లు. పక్కన రంధ్రం చేసి చావి పెట్టేవాళ్లు. మామ వేళ్లు వణికేవి కాబట్టి సన్నపని చాచా చేసేవాడు. ఎక్కడ ఏది రావాలో మామ చెప్పేవాడు. ఎనిమిదింటికీ ఆరునెలలు పట్టింది. తీసిన మోటార్లను అత్తమ్మ కళ్లముందే సుత్తెతో కొట్టి పాత ఇనుపవాడికి వేశాడు.

చావి ఇస్తే ఇంజను నాలుగు మూరలు పోయి ఆగేది. మామ లేచి వెళ్లి మళ్లీ చావి ఇచ్చేవాడు. మునుపు గంటసేపు చూస్తూ కూర్చునేవాడు, ఇప్పుడు ప్రతి నాలుగు మూరలకూ లేవాలి. మూడు నాలుగు ఆదివారాల తర్వాత ఊపిరి అందక మానేశాడు. ట్రంకు మంచం కిందికి పోయింది.

ఏడాది తర్వాత మరోసారి సోదా జరిగింది. ఈసారి మామ ఇంట్లో లేడు. నేనే వాళ్లకు ట్రంకు తీసి చూపించాను. ఇంజన్లు ఒక్కొక్కటీ తలకిందులు చేసి, చావి తిప్పి నడిపించాను.

"మోటార్లన్నీ తీసేశారా?" అని అడిగాడు వచ్చినాయన.

"అన్నీ తీసేశారు సార్. ఇంట్లో ఒక్క తీగ ముక్క లేదు," అన్నాను. నా గొంతులో తొట్రుపాటు లేదు. నాకు తెలిసిన నిజం అదే. ఆయన నా కళ్లలోకి చూసి, మూత వేసి వెళ్లిపోయాడు.

తర్వాత నాకు పెళ్లయి జగిత్యాల బదిలీ అయింది. పిల్లలు పుట్టారు. పండక్కో పబ్బానికో కోరుట్ల పోతే మామ బడి సంగతులు అడిగేవాడు గాని ఇంజన్ల ఊసు ఎత్తేవాడు కాదు. గోదాముకు పోయి వచ్చిన పన్నెండేళ్లకు, వానాకాలంలో, ఊపిరితిత్తుల జబ్బుతోనే పోయాడు.

దినాలు అయిన మరునాడు అత్తమ్మ మంచం కింది ట్రంకు నా ముందుకు జరిపింది.

"నీకే ఇయ్యుమన్నడు. నాకు దాన్ని సూస్తే ఇంక భయమే," అంది.

జగిత్యాలకు తెచ్చి, సిరిసిల్ల నుంచి మా తమ్ముడు వచ్చిన రోజున మూత తీశాను. ఒక్కొక్కటే తుడిచి బల్ల మీద పెడుతూ పోయాం. తొమ్మిది అయ్యాయి. నేను నమ్మలేక మళ్లీ లెక్కపెట్టాను. తొమ్మిదే. చివరిదాని పక్కన చావి రంధ్రం లేదు. తిరగేసి చూస్తే లోపల మోటారు, దానికి రెండు చిన్న తీగలు. ఎవరో ఈమధ్య దాకా నూనె వేస్తున్నట్టు చక్రాలు మెత్తగా తిరుగుతున్నాయి.

"పోలీసులు వాపస్ ఇచ్చిండ్రేమో," అన్నాడు తమ్ముడు. వాళ్లు అట్లా ఇచ్చేవాళ్లయితే మామ ఆ సంగతి చెప్పి ఉండేవాడు.

తమ్ముడికి తెలిసినవాళ్ల ద్వారా, ఇలాంటి పాత బొమ్మలు సేకరించే ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చి చూశాడు. భూతద్దం పెట్టి ప్రతిదాన్నీ పరీక్షించాడు. "మంచి మంచి ఇంజన్లండీ. ఎవరో అన్నిటినీ పాడుచేశారు. చిమ్నీలు కోశారు, ఒక్కదాంట్లో తప్ప మోటార్లు పీకేశారు. అసలు రూపంలో ఒక్కటీ లేదు," అన్నాడు బాధగా. ఆయనది నిజమైన బాధే. టీ ఇచ్చి పంపించాను.

మరుసటి ఆదివారం ఆ తొమ్మిదో ఇంజనును చేతిసంచిలో పెట్టుకుని కోరుట్ల బస్సెక్కాను.

చాచా ఈమధ్యే దుకాణం మూసేశాడు. కళ్లకు శుక్లాలు, ఆపరేషనయినా చూపు సరిగ్గా రాలేదు. ఇంట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. గొంతు విని పోల్చుకున్నాడు. ఇంజను ఆయన చేతుల్లో పెట్టాను. వేళ్లతో ముందు జాలీ తడిమాడు, చిమ్నీ తడిమాడు, అడుగున మోటారు దగ్గర వేలు ఆగింది.

"ఇది నా తాన ఉండె బిడ్డా," అన్నాడు.

"నీ దగ్గరా? పోలీసులు ఉంచుకున్నరన్నడు గదా చాచా!"

"ఆ దినం రిక్షా నా దుకాణం ముంగట ఆపిచ్చిండు. ట్రంకుల కెళ్లి గిది తీసి నా చేతుల పెట్టిండు. ఒక్కటన్న బతకాలె భాయ్, అన్నడు. గంతే, ఇంకేం చెప్పలే. పెద్ద గోడగడియారం ఒకటుండె, దాని లోపలి సామానంత తీసి గిది పెట్టిన. డబ్బాకు గిరాకి చీటీ కట్టి గోడకు తగిలేసిన. గా గడియారం ఎందుకు నడుస్తలేదని ఎవలన్న అడిగితే, దాని మనిషి ఇంక రాలే అనేటోన్ని."

"నీ దుకాణంల సోదా కాలేదా?"

"రెండుసార్లయింది. గడియారాలోన్ని ఇడుస్తరా? అన్నీ ఇప్పిండ్రు. గా గడియారం పైన ఉండె, అందలే."

"భయం కాలేదా చాచా?"

"అయింది. పొద్దుగాల షట్టర్ ఎత్తంగనే గా గడియారం దిక్కు సూసేది. పన్నెండేండ్లు రోజు అయింది బిడ్డా."

నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. మామ అంత నమ్మకంగా నాతో అబద్ధం చెప్పాడని. "నాకెందుకు చెప్పలే? నేను ఎవరికన్నా చెప్తనా?" అన్నాను.

"నీకు చెప్తే నువ్వు వాళ్లకు అబద్ధమాడాల్సి అచ్చేది. టీచరమ్మవు, నీకు చేతగాదు, దొరికిపోతవన్నడు మీ మామ, తర్వాత ఒకదినం నేను అడిగితే. నువ్వు నిజం చెప్తేనే ఇల్లు బతుకుతదన్నడు."

నేను ఆ రెండో సోదా రోజును తలుచుకున్నాను. తొట్రుపడకుండా వచ్చిన నా గొంతును. నన్ను కాపాడటానికి వాళ్లిద్దరూ నేను ఆ మాట నిజమని నమ్మి చెప్పేలా చేశారు.

చాచా ఇంజనును ఒడిలో పెట్టుకున్నాడు. తర్వాత నేను అడగకుండానే చెప్పాడు. గోదాములో ఉన్న కానిస్టేబులు ఒకతను గడియారం బాగుకు తెచ్చినప్పుడు ఈయనతో అన్నాడట. ఇంజన్లలో ఉన్నవి గడియారం చక్రాలని అధికారి పసిగట్టాడు. ఎవరు చేసిచ్చారని అడిగాడు. మామ, నేనే చేసుకున్న అన్నాడు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అదే మాట. అప్పుడు కొట్టారు.

"నా పేరు చెప్పలే," అన్నాడు చాచా. "నాతోని ఎన్నడు ఆ ముచ్చట తియ్యలే. నేను కూడ ఎర్కున్నట్టు తెల్వనియ్యలే. ఆయన పోయిన దినం, అందరు బయట ఉన్నప్పుడు, మంచం కింద ట్రంకుల పెట్టి అచ్చిన. ఇంటి సామాను ఇంట్ల ఉండాలె గదా."

చాచా కోడలు టీ తెచ్చింది. తాగాను. లేస్తూ, "ఇది నీ దగ్గరే ఉండనీ చాచా, నీకే చెందుతది," అన్నాను.

ఆయన ఇంజనును రెండు చేతులతో ఎత్తి నా వైపు చాపాడు.

"వద్దు బిడ్డా. ఇగ నాకు వద్దు. తీస్కపో," అన్నాడు. ఆ గొంతులో ఎంత అలసట ఉందో అప్పుడు తెలిసింది. నేను తీసుకున్నాను.

తిరుగుబస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారిలో తనిఖీలు ఆగిపోయి అప్పటికి కొంతకాలమైంది, బస్సును ఎవరూ ఆపలేదు. మేడిపల్లి దాటాక కండక్టరు వచ్చి టికెట్టు చూపించమన్నాడు. టికెట్టు ఉన్నది సంచిలోనే, ఇంజను పక్కన. సంచిని రెండు చేతులతో ఒళ్లోకి అదిమి పట్టుకుని ఉన్నాను, దాన్ని తెరవడానికి నా చేతులు రాలేదు. ఆయన రెండోసారి అడిగేదాకా అట్లాగే కూర్చున్నాను.